అట్టలేని కోర్టు నవల ఇచ్చిన చాచా

రెజిమెంటల్ బజార్‌లో నవలలు అద్దెకిచ్చే చాచా మొన్న శుక్రవారం పొద్దున పోయారు. మూడో తరగతి పిల్లలకు డిక్టేషన్ చెబుతుండగా ఫోన్ వచ్చింది. ఏడుపు కంటే ముందు నాకు భయం వచ్చింది. ఎందుకో చెప్పాలంటే, ఆయన నాకిచ్చిన ఒక నవల గురించి మీకు చెప్పాలి.

చాచాది మూడు అలమారాలు పట్టేంత దుకాణం. పుస్తకం ఇచ్చేముందు భుజం మీది తువ్వాలుతో రెండువైపులా తుడిచేవారు. తిరిగి తెచ్చినప్పుడు ఒకటే అడిగేవారు, "భయమైందా?" అని. కాలేదంటే మొహం చిన్నబోయేది. హత్యలు, సాక్షులు, వాదనలు ఉండే కోర్టు నవలలంటే ఆయనకు ప్రాణం. ఒకసారి దయ్యాల నవల అడిగితే నవ్వారు.

"దయ్యానికి నేను భయపడ బేటీ. దానికి వకీల్ ఉండడు."

మూడేళ్ల కిందట బోయిగూడలో, మా ఎదురింటి కింద బట్టలు కుట్టే ముసలాయన్ను దుకాణం ఖాళీ చేయడం లేదని ఒకడు ఇనుపరాడ్డుతో కొట్టాడు. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తూ చూశాను. ముసలాయన కాలు పోయింది. వీధిలో చాలామందే చూశారు గానీ పోలీసులకు చెప్పింది నేనొక్కదాన్నే. ఏడాది తిరిగాక సాక్ష్యానికి రమ్మని కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ఆ మర్నాడే ఎవరో ఒకడు నా పక్కన బైకు ఆపి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"అక్కా, పాప స్కూలు నాలుగింటికి ఇడుస్తరు గదా?"

అంతే. వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి రోడ్డు మీద నేను చెయ్యి పట్టుకుంటే "నొప్పి మమ్మీ" అని పాప ఏడ్చేది. నేనేం చూడలేదని కోర్టులో చెప్పేస్తానని మొదట అన్నది చాచాతోనే.

అది తప్పని ఆయన అనలేదు. లోపలికి వెళ్లి ఒక లావుపాటి నవల తెచ్చారు. అట్టా, మొదటి పేజీలూ ఎప్పుడో ఊడిపోయాయి. పేరు ఆయనకూ తెలియదు.

"అన్నిట్లకన్న నాకు ఇదే ఇష్టం. చదువు. మల్ల నీకేం చెప్పబుద్ధయితే అదే చెప్పు."

అందులో ఒక కండక్టర్ తన బస్సులో జరిగిన హత్య చూస్తాడు. బెదిరింపులొస్తాయి. అయినా సాక్ష్యం చెప్పడానికే బయల్దేరతాడు. సగం పుస్తకంలోనే అతన్ని చంపేస్తారు. అక్కడితో పుస్తకం మూసేశాను. మర్నాడు ఆ నవలను చాచా ముందు పడేశాను.

"ఏంది చాచా ఇది? నన్ను భయపెట్టనీకి ఇచ్చిండ్రా?"

"అయిపోయిందా?"

"ఆయన్ను చంపేసిండ్రు. ఇంకేం చదవాలె?"

"ఇంక సగం ఉన్నది గద బేటీ." పుస్తకం తుడిచి మళ్లీ నా చేతిలో పెట్టారు. "ధైర్యం జేస్తే ఏం గాదు అని రాసే కితాబులు నేను నీకియ్య. అది ఝూట్. భయపడు. భయపడుకుంటనే చదువు."

మిగతా సగంలో, ఆ రోజు బస్సులో తల దించుకుని కూర్చున్న ప్రయాణికులు ఒక్కొక్కరే కోర్టుకు వస్తారు. బోనెక్కే ముందు ఎవరెలా వణికారో ఆ రచయిత ఎంతో ఓపిగ్గా రాశాడు. పేరు తెలిస్తే మీకు చెప్పేదాన్ని. ఎక్కడైనా మీ చేతికి దొరికితే మాత్రం సగంలో ఆపకండి.

నాకు పుస్తకంలోలా జరగలేదు. మా వీధివాళ్లెవరూ రాలేదు. చాచా ఒక్కరే దుకాణం మూసుకుని వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. అవతలి లాయరు నా కళ్లజోడు గురించి, ఆనాటి ఎండ గురించి, తీగ మీద ఎన్ని బట్టలున్నాయన్నదాని గురించి గుచ్చి గుచ్చి అడిగాడు. మధ్యలో జడ్జిగారు రెండుసార్లు మంచినీళ్లు ఇప్పించారు. చూసింది చూసినట్టు చెప్పాను.

కొట్టినవాడికి శిక్ష పడింది. పైకోర్టుకు వెళ్లి, ఇప్పుడు బెయిల్ మీద బయట తిరుగుతున్నాడు. ముసలాయన మిషన్ తొక్కలేక చేత్తో కాజాలు కుడుతున్నాడు. నేను ఈనాటికీ నాలుగు కాకముందే పాప స్కూలు గేటు దగ్గర ఉంటాను. గుండె దడగా ఉన్నప్పుడు వెళ్లి, ఏదో ఒక నవల తిరగేస్తూ కాసేపు నిలబడే చోటు ఒకటుండేది. శుక్రవారం నుంచి అదీ లేదు.

సాక్ష్యం చెప్పిన రోజు సంగతి ఇంకొకటి ఉంది. తిరిగొస్తూ బజార్‌లో చాయ్ తాగుదామని ఆగాం. అక్కడ బెంచీ మీద ఆ బైకువాడు కూర్చుని ఉన్నాడు. "పోదాం చాచా" అని ఆయన చొక్కా లాగాను. ఆయన తిన్నగా వాడి దగ్గరికే వెళ్లారు.

"జెర జరుగు బేటా. మేం సుత కూసుంటం."

వాడు ఆయన మొహంలోకి చూసి, జరిగాడు. చాచా వాడికీ నాకూ మధ్యన కూర్చుని రెండు చాయ్‌లు చెప్పారు. వాడు లేచి వెళ్లేదాకా నేను తలెత్తలేదు. కప్పు సాసర్‌కు తగులుతూ టకటకమంటున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. నా చేతులే అనుకున్నాను. తీరా చూస్తే నా చాయ్ ముట్టకుండా బల్ల మీదే ఉంది. ఆ చప్పుడు చాచా చేతుల్లోంచి వస్తోంది.