అక్క బ్యూటీపార్లర్‌లో నా చంకలు

గనిలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, నొప్పి గురించి నాకు తెలియనిది లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. గోదావరిఖని దగ్గర ఒక భూగర్భ గనిలో నేను కోల్‌ఫిల్లర్‌ని. బొగ్గు తట్టకెత్తి, తట్ట నెత్తికెత్తి, పట్టాల మీది టబ్బులో పోయడమే పని. మోకాలికి బొగ్గుపెళ్ల తగిలి చర్మం లేచిపోతే ఇంత మట్టి అద్దుకుని మళ్లీ తట్ట అందుకునేవాళ్లం (మట్టి కాదు, బొగ్గుపొడే. అక్కడ మట్టి ఎవరిస్తారు?). అలాంటివాణ్ణి, ఒక పాత జీన్స్ గుడ్డముక్క నన్ను ఇల్లు వదిలి పారిపోయేలా చేస్తుందని ఎవరైనా చెబితే నవ్వి ఉండేవాణ్ణి.

నాకింకా కంపెనీ క్వార్టర్ రాలేదు కాబట్టి సెంటినరీ కాలనీలో అక్కాబావల దగ్గర ఉండేవాణ్ణి. అక్క కరీంనగర్‌లో కోర్సు చేసి వచ్చి, ముందు వరండాకి పూల పరదా కట్టి బ్యూటీపార్లర్ పెట్టింది. కనుబొమ్మలు, చేతులు, కాళ్లు బాగానే చేసేది. చంకల వ్యాక్సింగ్ మాత్రం కోర్సులో చూడటమే గానీ స్వయంగా చేసింది లేదు. సరిగ్గా అదే అడుగుతూ మంథని నుంచి ఒక పెళ్లికూతురి తల్లి వచ్చింది. రిసెప్షన్‌కి పిల్ల చేతుల్లేని జాకెట్ వేసుకుంటుందట. "మా అమ్మాయి బహు సుకుమారం. ఏడిపించావంటే మా ఊళ్లో ఇంకెవ్వరూ నీ దగ్గరికి రారు, చూడమ్మా" అని మెత్తగానే చెప్పి, రెండు రోజుల్లో వస్తామని వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నాల దగ్గర బావ అంత మెత్తగా చెప్పలేదు. "వంటింట్ల కూర ఉడుకుడు కన్న నీ వ్యాక్స్ పాకం ఉడుకుడే ఎక్కువైంది. ఆ పిల్ల ఏడ్సుకుంట పోయిందనుకో, ఆ పరదా నేనే పీకేస్త" అన్నాడు. అన్నం కలుపుతున్న అక్క చేయి ఆగిపోయింది.

నేను ఊరుకోవచ్చు కదా. "వెంట్రుకలు పీకుడు గూడ ఒక పనేనా అక్కా? నా మీద నేర్సుకో. బొగ్గుల పనిచేసేటోన్ని, నాకేమైతది?" అన్నాను.

"మధ్యల లేవొద్దు మరి."

"లేస్తే నీ తమ్మున్నే కాదు!"

మర్నాడు పొద్దున బనీను విప్పి, ఎడమ చేయి తల వెనక్కి పెట్టుకుని, మహారాజులా కుర్చీలో కూర్చున్నాను. అక్క పౌడర్ అద్దింది. తేనెలా ఉన్న గోరువెచ్చని వ్యాక్స్‌ని చెక్కతో పూసింది. హాయిగా ఉంది (ఆడవాళ్లు దీనికా ఇంత గొడవ చేసేది అనుకున్నాను). దాని మీద నా పాత జీన్స్ ప్యాంటు కోసి చేసిన పట్టీ పరిచి, అరచేత్తో రుద్ది, "ఊపిరి పీల్చు. ఇప్పుడు ఇడువు" అంది. విడిచాను. ఆ తర్వాత జరిగినదాన్ని ఇప్పటికీ భక్తితోనే తలచుకుంటాను. చంకలో ఇంత లోకం ఉందని నాకప్పటిదాకా తెలియదు. అక్కడి నుంచి ఒక నరం చెవిలోకి, ఇంకొకటి మడమలోకి పోతాయని ఆ ఒక్క క్షణంలో తెలిసింది. నేనెంత గట్టిగా అరిచానంటే, పక్క క్వార్టర్ కాకి (మాకు చిన్నమ్మ వరస) చేతికి పిండితోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే పిల్లా, కరెంట్ షాక్ గిట్ల కొట్టిందా?"

"ఏం లేదు కాకీ. తమ్ముని చంకల వెంట్రుకలు తీస్తున్న."

కాకి నన్ను కింది నుంచి మీదికి చూసింది. "గీ వెంట్రుకలకేనా గంత ఒర్రుడు? నలుగురిని కన్న, ఒక్కసారి గూడ నేను గట్ల ఒర్రలే" అని వెళ్లిపోయింది.

అక్క నన్ను చూడటం లేదు, నా చంకనే చూస్తోంది. సగం వెంట్రుకలు ఊడాయి, సగం పాకంలో చిక్కుకుని ఉన్నాయి. "నాకిప్పుడు సమజైందిరా. ఇక్కడ వెంట్రుకలు రెండు దిక్కులు మొలుస్తున్నయ్. నేనేమో ఒక్క దిక్కే లాగిన. పొడుగు గూడ ఎక్కువున్నయ్. ఆగు, ఇంకో పట్టీ..." ఆమె పట్టీ అందుకునేలోగా నేను చొక్కా అందుకున్నాను. "డ్యూటీకి టైమైతుంది!" అంటూ గుమ్మం దాటాను. రెండో షిఫ్టుకి ఇంకా నాలుగు గంటల టైముంది.

వ్యాక్సింగ్ చేశాక ఒక రోజంతా చెమట పట్టే పని చేయొద్దని, వేడినీళ్లు పోసుకోవద్దని, పౌడర్లు రాయొద్దని అక్క చెప్పి ఉండేదే, నేను ఆగి ఉంటే. ఆగలేదు కాబట్టి ఆ షిఫ్టంతా తట్ట నెత్తికెత్తిన ప్రతిసారీ ఉప్పు చెమటా, బొగ్గుపొడీ కలిసి ఆ చంకలో కాపురం పెట్టాయి. చేయి ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుని నడుస్తుంటే, మా మీద పెద్ద అయిన సర్దార్ చూశాడు.

"ఏందిరో, చెయ్యి గట్ల పెట్టుకొని నడుస్తున్నవ్? పహిల్వాన్‌వి అయినవా?"

"గడ్డ లేసిందన్నా."

"ఏదీ, చూపియ్." టోపీ దీపం నా చంకలోకి తిప్పాడు. చాలాసేపు చూశాడు. "సగం కోసి ఇడిసిపెట్టిన మడి లెక్కున్నది గదరా!" అన్నాడు. ఆ నవ్వులు గనిలో ఎంత దూరం వినిపించాయో నాకు తెలియదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అక్క నన్ను అడిగింది ఒక్కటే, మధ్యలో లేవొద్దని.

మర్నాడు పొద్దున లేచి పెరట్లోకి వెళ్లేసరికి, అక్క గోడకి అద్దం ఆనించి, ఒక చేయి పైకెత్తి, రెండో చేత్తో తన చంకలో తానే పట్టీ అతికించుకుంటోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. చర్రున లాగింది. పెదవి కూడా కదల్లేదు. కళ్లు ఒక్కసారి మూసి తెరిచింది, అంతే. గనిలో ఎందరో మొనగాళ్లను చూశాను, కానీ ఆ నిశ్శబ్దం లాంటిది ఎక్కడా చూడలేదు. అద్దంలో నన్ను చూసి, మామూలుగా, "లాభం లేదురా. లాగేటప్పుడు చర్మం బిగబట్టాలె. ఒక చేయి ఎత్తి పెట్టి, ఒక చేత్తో లాగితే, ఇగ పట్టుకునే చెయ్యేది?" అంది.

నేను కుర్చీ తెచ్చి వేసుకుని, బనీను విప్పి, కుడి చేయి ఎత్తాను.

"నవ్వులాటకా?"

"కాదక్కా. జల్ది కానియ్, మళ్ల నాకే భయమైతది."

ఈసారి అక్క ముందు కత్తెరతో బియ్యపు గింజంత పొడవు మిగిల్చి కత్తిరించింది. వెంట్రుకలు ఎటు మొలిచాయో వేలితో తడిమి, అటే పూసింది. మొత్తం ఒకేసారి కాదు, కొంచెం కొంచెం. చర్మం నన్నే బిగబట్టమంది. మొలిచిన దిక్కుకి ఎదురుగా, పైకెత్తకుండా ఒంటి వెంటే లాగి, లాగిన మరుక్షణం అరచేతిని ఆ చోట గట్టిగా అదిమి పెట్టింది. ఆ అరచేయి పడగానే నొప్పి ఎటుపోయిందో నాకే తెలియలేదు.

"ఎట్లున్నది?"

"వచ్చింది... పోయింది."

అక్క మొహంలో వెలుగు చూడాలి!

మధ్యాహ్నం తల్లితో పెళ్లికూతురు వచ్చింది. నేను వంటింట్లో, బావ నా పక్కన, ఇద్దరం గోడకి చెవులు పెట్టి నిలబడ్డాం. ముందు ఏ చప్పుడూ లేదు. తర్వాత "భయమైతుందక్కా" అన్న సన్నని గొంతు. ఇక పరదా పోయినట్టే అనుకున్నాను. అప్పుడు అక్క మొదలుపెట్టింది: "భయపడకు చెల్లే, నిన్న ఇదే కుర్చీల మా తమ్ముడు కూసున్నడు. బొగ్గుబాయిల పనిచేస్తడు, పే...ద్ద మొగోడు..." నా అరుపు, కాకి చేతి పిండి, చొక్కా పట్టుకుని నేను ఉరికిన తీరు, ఒక్కటీ వదల్లేదు. పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వుల మధ్య చర్రుమన్న చప్పుడు. నవ్వు ఆగలేదు. "అయిపోయిందా? అప్పుడేనా?" అంది. బావ నా వైపు చూసి, స్టవ్ వెలిగించి అందరికీ చాయ్ పెట్టాడు.

తెలంగాణ వచ్చేనాటికి అక్క పార్లర్ వరండాలోంచి మెయిన్ రోడ్డుకి వెళ్లింది. మొదటిసారి వచ్చి భయపడే ప్రతి పిల్లకీ పట్టీ లాగే ముందు ఆ కథ చెబుతుందట. అందుకే కాబోలు, కూరగాయల మార్కెట్లో నాకు పరిచయం లేని ఆడవాళ్లు కూడా నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటారు. మర్నాడు నేనే వచ్చి రెండో చేయి ఎత్తిన సంగతి మాత్రం అక్క ఎవరికీ చెప్పదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"అది చెప్తే వాళ్లకు నవ్వు రాదురా" అంది.

అప్పుడు మాత్రం అక్క నవ్వలేదు. నా భుజం మీద అరచేయి పెట్టి, ఒక్క క్షణం అలాగే అదిమి ఉంచింది.