శాలేమురాజు కొట్టేసిన మాటలు

“రెండేళ్ళు నిండాయి. దీనికి మాటలు రావేమో క్రిస్టినా.”

బాపట్లలో రైలెక్కేటప్పుడు సుధీర్ భార్యతో ఆ మాటే అన్నాడు. తెనాలిలో బండి మారేటప్పుడూ అదే, రేపల్లెలో దిగాకా అదే. కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మనిషి. పరీక్షనాళికలో రంగు మారితే కారణం ఠక్కున చెప్తాడు. కన్న కూతురు పింకీ ఎందుకు మాట్లాడదో మాత్రం ఫోన్‌లో వెతుక్కుంటాడు.

పుట్టినరోజు ప్రార్థన సుధీర్ తండ్రి యేసుదాసు ఇంట్లో. పాస్టరుగారు ఇంకా టిఫిన్ దగ్గరుండగానే ఆ ఇంటి తంతు మొదలైంది. బిడ్డను ఎదురుగా నిలబెట్టుకుని ఒక్కొక్కరూ తమ వరస చెప్పించుకోవాలి.

“నేనెవర్నే? తా... త! అను” అన్నాడు యేసుదాసు.

“తాతాతా” అంది పింకీ.

“చూశావా! మాటలు రావంటావేంట్రా?”

సుధీర్ చెల్లెలు దీప్తి ఊరుకుంటుందా? “నన్ను పొద్దున్నే అత్తా అంది నాన్నా. నీకంటే ముందే!”

మూల కుర్చీలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. సుధీర్ మేనమామ శాలేమురాజు. తెనాలి కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. అప్పటినుంచీ ఒకటే పిచ్చి. సంస్కృతానికీ లాటిన్‌కీ ఇంగ్లీషుకీ వేల ఏళ్ళ కిందట ఒకే తల్లిభాష ఉండేదట. దానిలో రాసిన ముక్క ఒక్కటీ దొరకలేదు. భ్రాత, ఫ్రాటర్, బ్రదర్ లాంటి మాటల్ని పక్కపక్కన పెట్టి, ఆ కాలపువాళ్ళు అన్నదమ్ముల్ని ఏమని పిలిచేవారో వెనక్కి లెక్కకట్టాలి. తెలుగు ఆ ఇంటి ఆడపడుచు కూడా కాదు, ఈయనకెందుకీ గోలని సుధీర్‌కి ఎగతాళి. ఆయన భార్య ఫ్లోరెన్స్‌కి అంతకు పదింతలు. “ఆ పాత భాషలో మొగుడి తరపు చుట్టాలందరికీ పేర్లున్నాయంట, పెళ్ళాం తరపు వాళ్ళకి దిక్కులేదంట. అందుకే ఆ కాలపువాళ్ళు ఈయనకి నచ్చారు. మా తమ్ముణ్ణి ఏనాడైనా పలకరించాడా?” అంటుంది మొగుడి మొహం మీదే.

“ఆ మాటలు చెల్లవు బావా” అన్నాడు శాలేమురాజు. “తాతా, మామా, పాపా... ఇవన్నీ పసినోరు తనంతట తాను చేసే చప్పుళ్ళు. చైనాలో పుట్టినా చీరాలలో పుట్టినా అంతే. పండితులు భాషల చుట్టరికం తేల్చేముందు అలాంటివి కొట్టేస్తారు. మీరు వాటికే మురిసిపోతున్నారు.”

“అయితే నువ్వే ఓ మాట అనిపించు, పండితుడుగారూ!”

శాలేమురాజు లేచి పింకీ ముందు గొంతుక్కూర్చున్నాడు. గొంతు పెగల్చకుండా, తాతాతా అన్నట్టు నోరు మాత్రం కదిపాడు.

“తాతాతా” అంది పింకీ, నవ్వుతూ.

తర్వాత పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. “పింకీ!” మామూలు గొంతుతోనే పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. వంటగదిలో పాస్టరుగారు తలెత్తి చూశారు. పింకీ బెలూన్ నిమురుకుంటూ ఉండిపోయింది.

శాలేమురాజు అందరివైపూ తిరిగాడు.

“ఇది మీ వరసలు చెప్పట్లేదు, మీ మూతులు చూస్తోంది. ఇంతమంది తాతలూ అత్తలూ పోగయ్యారు. అసలు వినపడుతోందా అని చూసిన మొనగాడు ఒక్కడూ లేడు. నువ్వు సైన్సు మాస్టారివి ఎలా అయ్యావురా అల్లుడూ?”

సుధీర్‌కి ఒళ్ళు మండింది. మామయ్య మీదో, తన మీదో తేలలేదు. క్రిస్టినా అప్పటికే పిల్లని గుండెకి హత్తుకుని ఏడుస్తోంది.

మర్నాడు తెనాలిలో చెవి డాక్టరు పరీక్షించాడు. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరిందట. చిన్న ఆపరేషన్‌తో సరిపోతుందన్నాడు. ఆపరేషనైన రోజు, వెనక నర్సు గిన్నె జారవిడిస్తే పింకీ ఉలిక్కిపడి ఏడ్చింది. ఏడుస్తున్న కూతుర్ని చూసి సుధీర్, క్రిస్టినా ఇద్దరూ నవ్వారు.

ఆస్పత్రి గుమ్మంలో శాలేమురాజు మళ్ళీ తగులుకున్నాడు. “ఇక అను, అను అని దాన్ని పీడించకండి. ఎదురుగా కూర్చుని మీరు చేసే పని మీరు చెప్పుకుంటూ పొండి. బదులు అడక్కండి. అప్పజెప్పించుకోడానికి అదేం మీ కాలేజీ పిల్ల కాదు.”

ఆ మనిషి నోటిదురుసు సుధీర్ ఇంకా క్షమించలేదు. అయినా ఇప్పుడు రోజూ సాయంత్రం బాపట్లలో కూతురి ఎదురుగా నేల మీద చతికిలబడతాడు. “చిక్కుడుకాయ తుంచుతున్నా. ఇదిగో, ఈనె తీశా” అని చెప్పుకుంటూ పోతాడు. పింకీ వింటుంది. నువ్వూ అను అని అతను అడగడు.