చేపల పులుసు లేని ప్రార్థన

ఇంటినిండా జనం ముందు నేను ప్రార్థన చదివింది జీవితంలో ఒక్కసారే. ఆ ఒక్కసారికే ఒక తల్లికీ కూతురికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంకాస్త పెంచాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకు మాత్రం చెప్పిన ప్రతిసారీ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

ఎనభైల చివర సిడ్నీలో యూనివర్సిటీకి వెళ్లే రోజులవి. వెస్ట్‌మీడ్‌లో అద్దె గది. చదివేది ఇంజినీరింగే గానీ, నా దృష్టిలో నేను రచయితను. రాయడమంటే తపస్సని నమ్మినవాణ్ణి! కొవ్వొత్తి వెలిగించి, కళ్లు మూసుకుని, కాసేపు ధ్యానం చేస్తేగానీ కలం పట్టేవాణ్ణి కాదు. సరుకుల చీటీకైనా అంతే.

పక్క ఫ్లాట్‌లో కరుణమ్మ ఆంటీ ఉండేది. భీమవరం మనిషి, ఆసుపత్రిలో నర్సు. కంటి ఆపరేషన్ బాగా జరిగినందుకు ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకుంది. ఒక కంటికి కట్టు, రెండోది మసక. అందుకని తన ప్రార్థన నన్ను రాసి చదవమంది.

"సునీత వస్తానంది బాబూ," అంది గొంతు తగ్గించి. సునీత ఆమె ఒక్కగానొక్క కూతురు. చెప్పకుండా ఇక్కడి తెల్లబ్బాయిని పెళ్లి చేసుకుందని ఆంటీ మాటలు మానేసింది. "మొహమ్మీద చెప్పలేను. ప్రార్థనలో అయితే చెప్పగలను. రాసుకో. ప్రభువా, నా కన్ను బాగుచేశావు, స్తోత్రం. సునీత మీద నాకు కోపం పోయింది. దానికి చేపల పులుసు వండిపెట్టాలనుంది. మొగుణ్ణి కూడా తీసుకుని ఆదివారం రమ్మను. ఆమేన్."

"అంతేనా ఆంటీ?"

"అంతే నాయనా. కాస్త నీట్‌గా రాయి, చాలు."

మా కూడికలు ఎరిగినవాళ్లకు ఈ పద్ధతి తెలిసిందే. ఎదురుగా ఉన్న మనిషికి చెప్పలేనిది దేవుడికి చెబుతారు, ఆ మనిషి వినేట్టు. అది నాకూ తెలుసు. కానీ కొవ్వొత్తి వెలిగాక నాకింకేం గుర్తుంటుంది? దేవుడి సన్నిధిలో నీచు వాసనేమిటని పులుసు కొట్టేశాను. మొగుడు అన్న మాట మొరటుగా ఉందని అదీ కొట్టేశాను. సునీత పేరు సమాసంలో ఇమడలేదు, పాపం అదీ పోయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు రాయబోతే పోయింది.

సునీత నిజంగానే వచ్చింది. కారు తాళాలు చేతిలోనే పట్టుకుని తలుపు పక్కన కూర్చుంది. నేను లేచి గొంతు సవరించుకున్నాను.

"ఓ కరుణాపయోనిధీ! విచ్ఛిన్న బాంధవ్య సేతువులను పునర్నిర్మింపుము! అంతరంగ తిమిరమును పారద్రోలుము!"

పాస్టర్ గారు ఒక కన్ను తెరిచి చూశారు. నేను ఊపిరి కోసం ఆగినప్పుడల్లా అంకుల్స్ ఆశగా "ఆమేన్" అన్నారు. వంటింట్లో బిర్యానీ చల్లారిపోతోంది. నేను వదిలితేగా!

సునీత పక్కావిడ చెవిలో అడిగింది. "సారీ ఆంటీ, వాట్స్ హీ సేయింగ్?"

"ఏదో బ్రిడ్జి గురించమ్మా," అంది ఆవిడ. ఆవిడకూ అంతే అర్థమైంది.

అసలైన ఆమేన్ పడగానే సునీత తల్లి భుజం తట్టి, "గ్లాడ్ యువర్ ఐ ఈజ్ ఓకే, మమ్," అనేసి వెళ్లిపోయింది. బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

నేను మెప్పు కోసం ఆంటీ దగ్గరికి వెళ్లాను.

"చేపల పులుసు ఏదయ్యా?" అంది.

"ప్రభువుకి భావం చాలు కదా ఆంటీ..."

"ప్రభువుకి నువ్వు చదవకముందే తెలుసు బాబూ. తెలియాల్సింది దానికి," అంది, తలుపువైపే చూస్తూ.

సునీత ఇంటికెళ్లి అసలు సంగతి చెబుదామనుకున్నాను. సిగ్గేసి వెళ్లలేదు. ఆదివారం ఆంటీ పులుసు వండనే వండింది. కూతురూ అల్లుడూ కూర్చోవాల్సిన చోట నేనొక్కణ్ణే కూర్చుని తిన్నాను. ఆ ముగ్గురూ కలిసి భోంచేయడానికి తర్వాత ఎన్ని ఆదివారాలు పట్టిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కాబట్టి సర్వజనుల సమక్షంలో ఇదే నా శపథం. కరెంటు పోతే తప్ప కొవ్వొత్తి వెలిగించను. ఎవరి ప్రార్థన రాసినా, అందులో పులుసుంటే ముళ్లతో సహా పులుసే రాస్తాను.