టర్కీ చేతి నుండి ఇరాక్‌కు నీళ్లు

షమాది సాగర్ కుడికాలువ చిట్టచివరి ఊరు. ఎగువ ఊళ్లన్నీ తడిసిన తరువాత మిగిలినదే ఆ ఊరికి దక్కేది. మిగలని ఏడు అదీ లేదు. మిరప పూతకు వచ్చే వేళకు తండ్రి మీరా హుస్సేన్ ఎగువకు పోయి, తూము తలుపులు తిప్పే లస్కరును బతిమాలేవాడు. ఆయన సైకిలు వెనుక కూర్చుని తిరిగిన షమాకు నీళ్లడగడం మాటలతోపాటే వచ్చింది.

అటువంటి పిల్లకు, 2004లో విశ్వవిద్యాలయంలో నమూనా ఐక్యరాజ్య సమితి సభ జరిపినప్పుడు, ఏ దేశం తరఫున మాట్లాడాలో తీసిన చీటీలో టర్కీ వచ్చింది. యూఫ్రటీస్ నదికి ఆనకట్టలు కట్టుకున్న ఎగువ దేశమది. దిగువనున్న ఇరాక్ నాగేంద్రబాబుకు వచ్చింది. అతనిది కాలువ మొదట్లోని ఊరు. గట్టు తెగితే తప్ప ఆ ఊళ్లో నీటి ప్రస్తావన రాదు.

పంతం నెగ్గించుకున్న ప్రతినిధిని ఢిల్లీ సభకు పంపుతారు. గుంటూరు దాటి ఎరుగని షమాకు ఆ ప్రయాణం మీద ప్రాణమంతా ఉంది. "మా గడ్డపై పుట్టిన నీరు మాది" అని అద్దం ముందు వల్లె వేస్తుంటే, హాస్టలు గదిలో తోడుండే శ్రీరమ్య, "అద్దం ఒప్పుకుందిలేవే, అన్నానికి రా" అంది.

సభలో నాగేంద్రబాబు అరువు కోటు సర్దుకుని లేచాడు. "నది అందరిదీ. కనుక గేట్లన్నీ ఎత్తండి" అని కూర్చున్నాడు.

'ఎత్తము' అంటే షమా గెలిచినట్లే. కాని ఆ అడగడం చూసి ఆమెకు ఒళ్లు మండింది.

"అధ్యక్షులవారూ, ఇరాక్ ప్రతినిధి అడిగిన తీరు బాగాలేదు. అన్నీ ఎత్తమంటే ఎవరెత్తుతారు? మీ పైరేమిటండీ?"

అతడు కాగితాలు తిరగేశాడు. "గోధుమ అనుకుంటా."

"అనుకుంటే పండదు. గింజ పాలు పోసుకునే వేళ ఒక్క తడి ఇమ్మనండి. అది తప్పితే, తరువాత నదంతా వదిలినా గడ్డే మిగులుతుందని చెప్పండి. కాదనలేరు."

"సరే, అదే అడుగుతున్నాను."

"ఇస్తాము" అంది టర్కీ.

అధ్యక్షత వహించిన వెంకటరావమ్మ మేడం కళ్లజోడు తీశారు. "షమా, నువ్వే దేశం తరఫున వచ్చావమ్మా?"

"టర్కీ అండి."

"ఈ సంగతి టర్కీకి తెలుసా?"

సభ గొల్లుమంది. నియమం ప్రకారం, కోరినది సాధించిన నాగేంద్రబాబుకే ఢిల్లీ అవకాశం దక్కింది. షమా అందరితోపాటు చప్పట్లు కొట్టింది గాని, సాయంత్రం అన్నం ముట్టలేదు.

మరునాడు అతడే వచ్చాడు. "ఢిల్లీలో నాకు ఈజిప్టట. అదీ దిగువేనట. కాస్త నేర్పవూ?"

"నీకెందుకు నేర్పాలిరా?"

"అక్కడ పక్క దేశంలో నువ్వుండవుగా."

ఆమెకు నవ్వాగలేదు. "ఆదివారం మా నాన్న వెంట వెళ్లు. నోరు మాత్రం విప్పకు."

సోమవారం అతడు విస్తుపోతూ తిరిగివచ్చాడు. "మీ నాన్నగారు లస్కరు గేదె ఈనడం దగ్గర మొదలుపెట్టి, గంటసేపు నీళ్ల మాటే ఎత్తలేదు. చివరికి అడిగితే, లస్కరు సగం తలుపు ఎత్తాడు. మా ఊరి తూము మూసి మరీ ఎత్తాడు షమా."

ఆ మధ్యాహ్నం టర్కీ జెండా తిరిగి ఇవ్వడానికి వెళ్లిన షమా, మేడం గదిలో అతని గొంతు విని గుమ్మంలోనే ఆగిపోయింది. అతడు ఆవిడ మోకాళ్ల నొప్పిని పరామర్శించి, ఆయుర్వేదం మీదుగా నెమ్మదిగా ఢిల్లీ చేరుకున్నాడు. షమాకు కూడా ఒక్క కుర్చీ ఇప్పించమన్నాడు.

"ఉన్నది ఒక్క కుర్చీ నాయనా. అది నీ దగ్గరే ఉంది" అన్నారు మేడం.

నాగేంద్రబాబు బల్ల మీది ఢిల్లీ కాగితాన్ని ఆవిడ ముందుకు జరిపాడు. పుట్టి బుద్ధెరిగాక వదలడమన్నది అతనికిదే మొదటిసారి. తల దించుకునే, "అయితే ఆమె పేరే రాయండి మేడం. త్వరగా రాయండి, నా మనసు మారకముందే" అన్నాడు.