రాంబాబు చీటీ చదవకుండా మూత తీసేవాడు కాదు

నిన్న పొద్దున పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా నా తోడికోడలు సుజాత ఫోన్ చేసింది.

"అక్కా, ఆయన పోయారు."

అంతే.

నందిగామలో బస్సు ఎక్కడం గుర్తుంది. జగ్గయ్యపేటలో దిగడం గుర్తుంది. మధ్యలో టికెట్ తీసుకున్నానో లేదో కూడా తెలియదు.

రాంబాబు నా మరిది. ముప్పై ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా డయాలసిస్ కోసం విజయవాడ తిరుగుతున్నాడు. ఏ రోజైనా ఈ కబురు రావచ్చని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. అయినా నమ్మలేకపోయాను.

నిన్న ఇంటికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట. "పాములేంటండీ, వాటిని పెంచడమేంటండీ! చేజేతులా తెచ్చుకున్నాడు."

అది విని ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

మా మామగారిది జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. తొంభై ఒకటిలో నేను కోడలిగా వచ్చేసరికే గోడౌన్ వెనక రాంబాబు సిమెంటు తొట్లలో ఇసుక పోసి పాములు పెంచుతున్నాడు.

నాగుపాములు కాదు. ఇసుకలో దూరి పడుకునే పొట్టి, లావు పాములు. విషం ఉండదు. ఒంటి మీద మచ్చలు చూసి అందరూ రక్తపింజరి అనుకుని కొట్టి చంపేస్తారు. రాంబాబు వాటిని "మట్టిపాము" అనేవాడు. సాండ్ బోవా అంటారని తర్వాత ఎవరో చెప్పారు. ఇంట్లో పెంచకూడదని చట్టం ఉందన్న సంగతి అప్పట్లో మాకెవరికీ తెలియదు.

కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు మాది. అలాంటిది, గోడౌన్ బోనులో పడిన ఎలుకలు తొట్లలోకి వెళ్లేవి. అత్తయ్యతో రోజూ గొడవే.

ఆ పాములు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఒక ఏడాది వానలు మొదలయ్యాక పెద్దది ఈనింది. రాంబాబు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఏడుగురే!"

"ఏరా, బాలింతకి కాయం నూరమంటావా?" అంది అత్తయ్య, గరిటె ఎత్తి.

కాసేపటికి ఆవిడే చప్పుడు చేయకుండా వెళ్లి చూసొచ్చింది. "బానే ఉన్నాయిలే వెధవలు" అంది.

ఆ రోజు నుంచి నోటుబుక్ నా చేతికొచ్చింది. ఏది ఎప్పుడు తింది, ఎప్పుడు కుబుసం విడిచింది, ఏది దేని పిల్ల. "నీ రాత గుండ్రంగా ఉంటుంది వదినా, నువ్వే రాయి" అన్నాడు.

ప్రతి తొట్టి మూత మీద ఒక చీటీ అంటించేదాన్ని. మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. బయటినుంచి వచ్చిన పామును ఇంకా పరీక్షగా చూడకపోతే చీటీ పెన్సిల్‌తో రాయాలి. తోక చూసి, ఇది మట్టిపామే అని తేల్చుకున్నాకే పెన్నుతో.

మట్టిపాముకి తోక పొట్టిగా, మొద్దుగా, గరుకుగా ఉంటుంది. "మచ్చల్ని నమ్మకు వదినా, తోక చూడు" అని వందసార్లు చెప్పి ఉంటాడు.

పెన్సిల్ చీటీ అయితే ముందు కర్రతో కదిపేవాడు. పెన్ను చీటీ అయితే నేరుగా చెయ్యి పెట్టేవాడు.

రెండు వేల మూడు, చలికాలం. రాంబాబు పని మీద గరికపాడు వెళ్లాడు. పెనుగంచిప్రోలు నుంచి మిర్చి రైతు ఒకాయన మూత పెట్టి తాడుతో కట్టిన కుండ తెచ్చాడు.

"మీ మరిదిగారు పెంచే రకం పామేనండి. మావాళ్లు కొట్టబోతుంటే ఆపా."

తాడు వదులు చేసి మూత కొంచెం తప్పించి చూశాను. అవే మచ్చలు. చలికి ముద్దలా చుట్టుకుని కదలకుండా ఉంది. తోక అడుగున ఎక్కడో ఉండిపోయింది.

ఇన్నేళ్లుగా చూస్తున్నాను కదా, నాకు తెలియదా అనుకున్నాను.

పెన్సిల్ లోపల గదిలో ఉంది. పెన్ను చేతిలో ఉంది.

"మట్టిపాము. పెనుగంచిప్రోలు" అని రాసి కుండ మూతకి అంటించాను.

మధ్యాహ్నం రాంబాబు వచ్చాడు. చీటీ చదివాడు. మూత తీసి చెయ్యి పెట్టాడు.

అది రక్తపింజరి.

చెయ్యి మోచేతి పైదాకా వాచిపోయింది. చిగుళ్లలోంచి రక్తం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ కిడ్నీలు మళ్లీ మామూలు కాలేదు.

ఆస్పత్రిలో అత్తయ్య ఏడుస్తూ అడిగితే, "చూసుకోలేదమ్మా, తొందరపడ్డా" అన్నాడు.

ఎవరూ లేనప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు. "చీటీ చింపేశా వదినా. ఎవరికీ చెప్పమాక. ఈ ఇంట్లో నువ్వు బతకాలి."

నేను చెప్పలేదు.

ఉన్న పాములన్నిటినీ మున్నేరు ఒడ్డున వదిలేయించాడు. ఆ తర్వాత ఈ ఏడేళ్లూ సుజాత, "మీ పాముల పిచ్చి మమ్మల్ని ముంచింది" అంటూనే ఉంది. రాంబాబు నవ్వేవాడు. నేను పక్కనే కాఫీ గ్లాసులు అందిస్తూ ఉండేదాన్ని. నందిగామలో కొత్త షాపు పెట్టి మేము వేరు వెళ్లినప్పుడు, ఆ మాటలు ఇక వినక్కర్లేదని లోలోపల తేలికపడ్డాను కూడా.

ఈ రోజు పొద్దున సుజాతకి చెప్పాను. లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఇంకా తీయలేదు.

మీరూ తెలుసుకోండి. రాంబాబు అజాగ్రత్త మనిషి కాదు. చదివాకే మూత తీశాడు. రాసింది నేను.

దీన్ని ముందు కాగితం మీద పెన్నుతో రాసుకుని, అప్పుడు ఇక్కడి హోల్‌సేల్ షాపు కంప్యూటర్‌లో టైపు చేశాను.

వెళ్లిరా రాంబాబూ. సూదులూ గొట్టాలూ లేని చోట నీ ఒళ్లు ఇకనైనా నెమ్మదించాలి.