శనివారమే చెరిపేశాను

ఇంట్లో ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే ముందు నా వైపు చూసి నవ్వేవాళ్ళు. నేను ఒప్పుకోనని అందరికీ తెలుసు. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఏదైనా జరిగి, దానికి కారణం కనిపించలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం, అని క్లాసులో చెప్పేదాన్ని. ఈ మధ్య ఆ మాట చెప్పడం మానేశాను. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

మా తమ్ముడు శ్రీనుకి గవర్నర్‌పేటలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. గృహప్రవేశాలు, ఓణీల ఫంక్షన్లు, పెళ్ళిళ్ళు తీసేవాడు. వాడు పెళ్ళి చేసుకోలేదు. సత్యనారాయణపురంలో మా ఇంటి మేడ మీద గదిలోనే ఉండేవాడు. పోయిన ఏడాది ఎండాకాలంలో గుండెపోటుతో ఉన్నట్టుండి పోయాడు.

షాపు ఖాళీ చేశాం. కెమెరాలు వాడి స్నేహితులకి ఇచ్చేశాం. కంప్యూటర్ మాత్రం మేడ మీదికి చేరింది. దాని మీద పాత దుప్పటి కప్పి ఆ గది తలుపు వేసేశాను. మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడు కూడా అటు చూసేదాన్ని కాదు.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె గన్నవరం అవతల ఒక పల్లెటూరి బడిలో కంప్యూటర్ టీచరు. పిల్లలకి సిస్టములు చాలడం లేదు, ఎవరైనా పాతవి ఇస్తారేమో చూడండి మేడం, అని చాలాకాలంగా అడుగుతోంది. ఈ ఏడాది బడులు తెరిచాక ఒక గురువారం సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసింది. ఆ క్షణంలో అనిపించి సరేనన్నాను. ఆదివారం అంతా తుడిచేసి ఉంచుతాను, సోమవారం మనిషిని పంపించు అన్నాను. ఆదివారం అన్నది అప్పటికప్పుడు అనుకున్నదే. అంతకుముందు నా మనసులో కూడా లేదు. ఈ విషయం ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నానో తరవాత తెలుస్తుంది.

శనివారం కాలేజీ మధ్యాహ్నానికే వదిలేశారు. ఇంటికొచ్చి భోంచేశాక, ఆదివారం దాకా ఎందుకు, ఈ పని అయిపోతే మనసు తేలికపడుతుంది కదా అనిపించింది. పైకెళ్ళి దుప్పటి తీసి సిస్టమ్ ఆన్ చేశాను.

లోపల ఎన్నో ఫోల్డర్లు. వాడు అన్నిటికీ తెలుగులోనే పేర్లు పెట్టుకునేవాడు. మనిషి పేరు, పేట పేరు, ఫంక్షన్ పేరు. మా ఇంటి ఫోటోలు, అమ్మ సంవత్సరీకం వీడియో, మావారి షష్టిపూర్తివి వెతికి నా డ్రైవులోకి ఎక్కించుకున్నాను. అలా వెతుకుతున్నప్పుడు ‘ఇవ్వాల్సినవి’ అన్న ఫోల్డరు కనిపించింది. తెరవలేదు. కావాల్సినవాళ్ళు ఈపాటికి అడిగి ఉంటారు కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, తెరిస్తే వాళ్ళందరికీ కబురు చేసే పని నా మెడకి చుట్టుకుంటుందని భయపడ్డాను. వాడు వదిలేసిన పని వాడి కుర్చీలో కూర్చుని చేసే ఓపిక నాకు లేదు.

తుడవడమంటే డిలీట్ కొట్టడం కాదు. డిలీట్ కొడితే పుస్తకంలో విషయసూచిక చింపినట్టే, పేజీలు లోపలే ఉంటాయి. నేను చేసింది ప్రతి పేజీ మీదా ఖాళీ రాసుకుంటూ పోయే పద్ధతి. అలా చేశాక తిరిగి తీయడం ఎవరి తరమూ కాదు. బయటివాళ్ళకి ఇచ్చే సిస్టముని అలాగే తుడవాలని నేనే పాఠం చెబుతాను. అది నడుస్తుంటే కిందికొచ్చి బట్టలు మడతపెట్టుకున్నాను. దీపాలు పెట్టే వేళకి పూర్తయింది. నిజంగానే తేలిగ్గా అనిపించింది.

మర్నాడు ఆదివారం ఉదయం, టిఫిన్లు అయ్యాక, వీధి గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. నేత చీర, చేతిలో గుడ్డ సంచి. మా గేటు గడియ కొంచెం పైకెత్తి పక్కకి లాగితే గానీ రాదు. కొత్తవాళ్ళెవరైనా గేటు ఊపి పిలవాల్సిందే. ఈవిడ లోపలికి ఎలా వచ్చిందా అనుకున్నాను.

“శ్రీను గారి అక్కగారు మీరేనా అండి? నా పేరు పద్మండి. సింగ్‌నగర్ నించి వచ్చాను. మా గృహప్రవేశం వీడియో ఇస్తానంటే వచ్చానండి,” అంది.

ఎవరిస్తామన్నారని అడిగాను.

“శ్రీను గారేనండి. బుధవారం ఫోన్ చేశారు. మా అక్క ఆదివారం సిస్టమ్ ఖాళీ చేసేస్తది, ఆ పొద్దున్నే వచ్చి తీసుకోండి, పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి అన్నారు. గేటు గడియ పైకెత్తి లాగాలని కూడా ఆయనే చెప్పారండి.”

నాకు కోపం వచ్చింది. ఎవరో మాతో ఆడుకుంటున్నారనుకున్నాను. మా తమ్ముడు పోయి ఏడాది దాటిందండి, అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయి ఉంటుంది, మావారు లోపలినుంచి బయటికి వచ్చారు.

ఆవిడ కంగారు పడలేదు. “తెలుసండి. అప్పట్లోనే షాపుకి వెళ్తే షట్టర్ మీద ఆయన ఫోటోతో ఫ్లెక్సీ కట్టి ఉంది,” అంది.

“తెలిసీ మాట్లాడారా?”

“మాట్లాడానండి. మీరు పోయారు కదా అని అడిగితే పెట్టేస్తారేమోనని అడగలేదు.”

మావారు ఆవిడని కూర్చోమని మంచినీళ్ళిచ్చారు. అప్పుడు చెప్పింది. వాళ్ళాయన ఆటో నడుపుతాడు. వాళ్ళు కట్టుకున్న ఇంటి గృహప్రవేశం వీడియో మా శ్రీనే తీశాడు. బుడమేరు వరదకి ఇల్లు మునిగి ఆల్బమ్, సీడీలు, ఫోన్లు అన్నీ పోయాయి. ఆ చలికాలంలోనే పాపకి జ్వరం వచ్చి పోయింది. ఒక్కతే పాప. పేరు జాహ్నవి. గృహప్రవేశం రోజున వంటవాళ్ళు విస్తళ్ళు వేయగానే మైకు లాక్కుని, అందరూ భోజనాలకి రండి, మా ఇంట్లో కడుపునిండా తినండి, అని ఒకటే పిలుపులట. పాప గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. పాప పోయాక షాపుకి వెళ్తే, నా సిస్టములో ఉందమ్మా, వెతికి పక్కన పెడతాను అని శ్రీను మాటిచ్చాడట. ఆ తరవాత వాడే పోయాడు.

“చనిపోయినాయన ఫోన్ చేస్తే భయం వెయ్యలేదా అండి?” అని మావారు అడిగారు.

“మా పాప గొంతు అందులో ఉంది కదండీ. భయపడితే ఎట్లా?”

సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది. దారిలో ఒక షాపు దగ్గర దిగి కొందట. ఇంకా ప్యాకెట్టు కూడా విప్పలేదు.

నేను నిన్ననే చెరిపేశానని చెప్పాలి. అది దాచేసి, కొన్ని పాడైపోయాయి, చూసి చెబుతాను అన్నాను. అది నేను చేసిన రెండో తప్పు.

ఆవిడ ఫోన్ చూపించమన్నాను. బటన్ల ఫోను. వచ్చిన కాల్సులో ‘ఫోటో శ్రీను’ అని ఉంది, బుధవారమే. లోపల నంబరు చూశాను, వాడిదే. వాడి ఫోను మా బీరువాలో చీరల కింద ఉంది. ఆ సిమ్ముకి డబ్బులు కట్టడం ఎప్పుడో మానేశాం. అక్కడే నా ఫోనులోంచి ఆ నంబరుకి చేశాను. వాడుకలో లేదని వచ్చింది. బీరువా తీసి చూస్తే ఫోను పెట్టినచోటే ఉంది. చార్జింగ్ పెట్టినా వెలగలేదు.

సరే, ఎవరో ఆ నంబరు పట్టుకుని ఆట పట్టించారనుకుందాం. కానీ ఆదివారం అన్నది నేను గురువారం సాయంత్రం అనుకున్న మాట. బుధవారం నాటికి ఆ టీచరమ్మాయి నాకు ఫోనే చెయ్యలేదు. బుధవారం ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఆవిడ వెళ్ళాక మేడ మీదికి పరిగెత్తాను. ఖాళీ డిస్కుని మళ్ళీ మళ్ళీ వెతికాను. ఏమీ దొరకదని నాకు తెలుసు, అయినా వెతికాను. వాడి అరలన్నీ తిరగేశాను. కెమెరాలు తీసుకున్న వాడి స్నేహితులకి ఫోన్లు చేసి పాత కార్డులు వెతికించాను. సోమవారం కాలేజీకి సెలవు పెట్టి, పోయిన డేటా తీసే షాపుకి డిస్కు పట్టుకెళ్ళాను. అతను మెషీనుకి తగిలించి చాలాసేపు చూసి, “ఎవరు మేడం, ఇంత శుభ్రంగా తుడిచారు?” అన్నాడు. నేనే అని చెప్పలేదు.

బడికి కొత్త డిస్కు వేయించి కంప్యూటర్ పంపించాను. పిల్లలు దాని చుట్టూ మూగి ఉన్న ఫోటో పంపి, థాంక్యూ మేడం అని రాసింది ఆ అమ్మాయి.

ఆ వారంలోనే సింగ్‌నగర్ వెళ్ళాను. ఫోనులో చెప్పి తప్పించుకోవచ్చు. మావారు కూడా అదే అన్నారు. కానీ వెళ్ళకపోతే అన్నం సయించేలా లేదు. గోడల మీద వరద నీళ్ళ మరక ఇంకా పోలేదు. పద్మగారు స్టూలు తుడిచి వేసింది. పాడైపోవడం కాదండి, నేనే చెరిపేశాను, ఆదివారం అనుకుని శనివారమే చేసేశాను, అని చెప్పాను. ఇవ్వాల్సినవి అని వాడు పక్కన పెట్టిన ఫోల్డరు చూసి కూడా తెరవలేదని చెప్పాను. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను.

ఆవిడ లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చింది. గ్లాసు నా చేతికిస్తూ, “మీకు తెలీదు కదమ్మా,” అంది.

వచ్చేస్తుంటే సందు చివరిదాకా తోడొచ్చింది. నేను ఆటో ఎక్కాక ఆవిడ కడ్డీ పట్టుకుని, “ఆయన మళ్ళీ ఎప్పుడైనా ఫోన్ చేస్తే, పద్మ చెప్పిన రోజుకే వచ్చిందని చెప్పండమ్మా. ఆలస్యం చేశాననుకుంటారేమో,” అంది.

సరేనన్నాను.

ఇది జరిగి ఇన్నాళ్ళయింది. నంబరు సంగతి, రోజు సంగతి, గేటు సంగతి నాకు తెలిసిన దారులన్నిట్లో ఆలోచించాను. ఒక్కదానికీ జవాబు దొరకలేదు. వాటికంటే నన్ను ఎక్కువ తొలిచేది ఇంకొకటి. వాడు ఆవిడకి ఫోన్ చేశాడు. ఒకే ఇంట్లో పెరిగిన అక్కని, నాకు చెయ్యలేదు. ఆగవే అక్కా, అని ఒక్క మాటంటే ఆగేదాన్ని కదా అనుకుంటాను. ఆగేదాన్నో, రాంగ్ నంబరని పెట్టేసేదాన్నో, అదీ నాకు తెలియదు.

తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఇప్పుడు వదలకుండా ఎత్తుతున్నాను.