రౌతు పుస్తకం అంచు కోసిన రోజు

2003 నాటి మాట. చిత్తూరులో మాకు బైండింగ్ షాపు ఉండేది. బడి రిజిస్టర్లు, వకీళ్ల కాగితాలు, పాత ఖురాన్లు, ఏవి తెచ్చినా కుట్టి అట్ట వేసేవాణ్ణి. ముప్పై ఏళ్ల పనిలో గిరాకీ సొత్తు నేను పాడుచేసింది ఒక్కసారే, అదీ ఒక బొమ్మల పుస్తకం.

కార్వేటినగరం నుంచి సులోచన అనే టీచరమ్మ రెండేళ్ల కామిక్కులు, మొత్తం ఇరవై నాలుగు తెచ్చింది. ‘నీడలేని రౌతు’ అని సీరియల్. గుర్రం, తుపాకి, ఎడారి, ఆ ఎడారి నిండా దయ్యాలు. పులికాట్ సరస్సు ఒడ్డున ఉండే ఒక ఆర్టిస్టు పదిహేనేళ్లుగా గీస్తున్నాడట. మద్రాసు కంపెనీ వాళ్లు రౌతు హక్కులు కొనుక్కుంటామంటే ససేమిరా అన్నాడట. గీసేదీ, అచ్చు వేయించేదీ, పోస్టులో పంపేదీ ఆయనే. ఆ ఆదివారం రేణిగుంటలో అభిమానులు ఆయనకు సన్మానం చేస్తున్నారు. అక్కడ ఆయనకు చూపించాలి, శనివారం నాలుగింటికల్లా కావాలంది.

“మా ఆయన వీటికోసం పోస్టుమాన్ దోవ సూస్తా కూర్సునేవాడు భాయ్. అన్నీ కలిపి ఒకటే పుస్తకంగా కుట్టియ్యి. అంచులు మాత్రం కొయ్యొద్దు. ప్రతిదాంట్లో చివరి పేజీ అంచున ఆర్టిస్టు మా ఆయనకు చేత్తో రాసిన మాటలుండాయి. ఇప్పుడు మనిషి లేడు, అవే ఉండాయి.”

“అట్నే టీచరమ్మా,” అని తలూపాను. అందరికీ అలాగే ఊపుతాను.

శనివారం పొద్దున సెక్షన్లు కుట్టాను. సెక్షన్ అంటే ఒకదాంట్లో ఒకటి మడిచిన కాగితాల కట్ట. కుట్టగానే మూడు వైపులా ట్రిమ్ చెయ్యడం, అంటే అంచులు సమంగా కొయ్యడం, మా పద్ధతి. అంచు ఎగుడుదిగుడుగా ఉంటే గిరాకీ పుస్తకాన్ని ముఖమ్మీదే కొడతాడు. నా బుర్ర ఆ రోజు ఇవ్వాల్సిన రిజిస్టర్ల మీద ఉంది. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. కటింగ్ మిషన్ పిడి దించాను, ముక్కలు బుట్టలోకి ఊడ్చేశాను.

అట్టకు మైదా జిగురు ఉడికించాలి. మా ఇంటామె ఎప్పటిలాగే బుట్టలోంచి గుప్పెడు ముక్కలు తీసి పొయ్యి రాజేసింది. మంటలో ఒక పీలిక మెలి తిరిగింది. దాని మీద ఆకుపచ్చ సిరా అక్షరాలు.

“ఆర్పు! ఆర్పవే!” అని అరిచాను. ఆర్పేలోగా అది బూడిదైపోయింది.

బుట్ట బోర్లించి నేల మీద కూర్చుని వెతికాను. ఆకుపచ్చ పీలికలు ఇరవై మూడు. మళ్లీ లెక్కపెట్టాను, ఇరవై మూడే. నాలుగింటికి టీచరమ్మ వస్తుంది. ఇవి మాత్రం ఎందుకు, అన్నీ పొయ్యిలో పెట్టేసి ‘రాతలేవీ నాకు కనబళ్లేదు’ అనేద్దామా అనిపించింది. భయం మనిషిచేత ఎంత పనైనా చేయిస్తుంది.

చెయ్యలేదు. ఒక్కో పీలిక ఏ పేజీదో పోల్చి, వెనక పలుచటి టిష్యూ కాగితం వేసి అతికించాను. కాలిపోయింది చివరి సంచికది; దానికి మాత్రం ఉత్త తెల్ల కాగితం పీలిక అతికించాను. టీచరమ్మ రాగానే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె ఆ తెల్ల పీలిక మీద వేలు పెట్టింది.

“ఇది యాడికి పోయింది భాయ్?”

“పొయ్యిలోకి, టీచరమ్మా.”

పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆదివారం ఉండబట్టలేక రేణిగుంట బస్సెక్కాను. హాల్లో జనం రౌతు మాటలు వంతులేసుకుని అప్పజెబుతున్నారు. టీచరమ్మ పుస్తకాన్ని ఆర్టిస్టు ముందు పెట్టింది. ఆయన అతుకులు తడుముకుంటూ చివరి సంచిక దాకా వచ్చి ఆగాడు.

“ఈడ ఏం రాసినాను తల్లీ? జ్ఞాపకం రాలేదే.”

“అది కాల్చింది నేను సార్,” అన్నాను గుమ్మం దగ్గర్నుంచి.

టీచరమ్మ ఆ మాటలు కంఠతా చెప్పింది. “‘మునిరత్నంగారూ, రౌతు చావడు. ఆపరేషన్‌కు భయపడొద్దు. వచ్చే నెల కథ మీరు చదివినాకే ఇంకొకరికి.’ ఆస్పత్రిలో లోపలికి పిలిచేదాకా మా ఆయన ఈ సంచికను చేతిలోనే పట్టుకోని ఉండె సార్.”

ఆర్టిస్టు జేబులోంచి ఆకుపచ్చ పెన్ను తీశాడు. ఒక్క అక్షరం మార్చకుండా ఆ తెల్ల పీలిక మీద మళ్లీ రాశాడు. టీచరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

పని చేతికి వచ్చేసిన కొద్దీ దాని మీద భయం పోతుంది. పోకూడదని ఆ పుస్తకం నేర్పింది. అప్పట్నుంచి, గిరాకీ చెప్పినా చెప్పకపోయినా, చివరి పేజీ అంచు చూడకుండా కటింగ్ మిషన్ ముట్టుకోను. మునిరత్నంగారిని భయపడొద్దన్నాడు ఆర్టిస్టు. నేను మాత్రం పిడి దించే ముందు ఈ రోజుకీ భయపడుతూనే ఉన్నాను.